కాపా కీళ్ళు, వెన్యా వైద్యం

మా ఆయన వెనెడిక్ట్, ఇంట్లో వెన్యా, ముప్పయ్యేళ్ళు కుంగూర్ లైన్లో లోకల్ రైలు నడిపాడు. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా బండి పట్టాలు తప్పలేదని రిటైరైన రోజున రైల్వేవాళ్ళు గోడ గడియారం చేతికిచ్చి, చప్పట్లు కొట్టి పంపించారు. పట్టాలు తప్పడానికి ఆయన ఇంటికొచ్చేదాకా ఆగాడని పాపం వాళ్ళకేం తెలుసు!

అదే ఏడాది నాకు కీళ్ళవాతం అని తేలింది. నేను బడి భోజనశాలలో వంటమనిషిని. గంపల కొద్దీ బంగాళాదుంపలు ఒలిచిన చేతులు ఇవి. ఒకనాడు పొద్దున లేచి చూస్తే వేళ్ళన్నీ వాచి, నాతో పంతం పట్టినట్టు ముడుచుకుని కూర్చున్నాయి. మధ్యాహ్నానికి గానీ కాస్త సడలేవి కావు. పాలిక్లినిక్కులో డాక్టరు కణుపులు నొక్కి చూశాడు, రక్తం పరీక్ష చేయించాడు, వారానికొకసారి వేసుకునే మాత్ర రాశాడు. "ఇది పోయే జబ్బు కాదమ్మా, అణిగి ఉండే జబ్బు. మాత్ర మాత్రం మానొద్దు" అన్నాడు.

వెన్యా ఆ డబ్బా విప్పి, మాత్రలు పక్కన పడేసి, లోపల మడత పెట్టిన కాగితం తీశాడు. కళ్ళజోడు పెట్టుకుని వంటింటి మధ్యలో నిలబడి, ప్రయాణికులకు చెప్పినట్టు గట్టిగా చదివాడు.

"వాంతులు. నోటిపూత. జుట్టు రాలుట. కాలేయానికి హాని. కాపా, ఇది మందా, కోర్టు తీర్పా?"

"నోటిపూత వస్తే నీకే సుఖం. నోరు మూసుకుని పడుంటాను" అన్నాను.

ఆయన నవ్వలేదు. డబ్బాను బీరువా పైకి ఎక్కించేశాడు. నేనూ కిందికి దించమనలేదు. ఆ కాగితం నన్నూ భయపెట్టింది, అబద్ధమెందుకు. పైగా బండి లేని డ్రైవరుకు ఏదో ఒక బండి కావాలి కదా. నేను దొరికాను.

మొదట ఇంట్లోకి వచ్చింది బంగారు మీసం. కంగారు పడకండి, అది ఒక మొక్క. కాండం నుంచి పొడుగ్గా తీగలు వేలాడుతుంటాయి కాబట్టి ఆ పేరు. ఆయన తెప్పించుకునే ఆరోగ్య పత్రికలో దాన్ని మెచ్చుకోని పేజీ లేదు. దాని కణుపులు ముక్కలు కోసి వోడ్కాలో నానబెడితే కీళ్ళు, పళ్ళు, కళ్ళు, భార్యాభర్తల తగాదాలు అన్నీ నయమవుతాయట. ఆఖరిది నేను కలిపాను గానీ మిగతావన్నీ అచ్చులో ఉన్నవే. ఒక కుండీ రెండైంది, రెండు ఎనిమిదయ్యాయి. కిటికీల నిండా మీసాలే. మా ఇంట్లో మిట్టమధ్యాహ్నం దీపం వేసుకుని పేపరు చదివేవాళ్ళం.

తర్వాత టీ పుట్టగొడుగు వచ్చింది. పెద్ద గాజు జాడీలో తియ్యటి టీ నీళ్ళ మీద అట్టులాగా తేలుతూ ఉంటుంది. ఆ నీళ్ళు పుల్లగా తయారవుతాయి, అవి పరగడుపున తాగాలి. దాని తర్వాత చాగా. అది బిర్చ్ చెట్టు బెరడు చీల్చుకుని నల్లగా బొగ్గుముద్దలా పెరిగే పుట్టగొడుగు. గొడ్డలి పుచ్చుకుని అడవికి పోయి, దాన్ని కొట్టుకొచ్చి, ఆరబెట్టి, పొడిచేసి, మరిగించి ఫ్లాస్కులో పోసేవాడు. నేను రోజంతా అది తాగాలి. కప్పులు గోధుమరంగు, గరిటెలు గోధుమరంగు, నా పళ్ళు గోధుమరంగు. వేళ్ళు మాత్రం ఎర్రగానే ఉన్నాయి.

ఇవి చాలవన్నట్టు ఊరి బయట, వేసవికి వెళ్ళి ఉండే మా తోట ఇంటి పక్కన రుఫీనా ప్రొఖొరొవ్నా ఉంది. పూర్వం బట్టల మిల్లులో లెక్కలు రాసేది. రిటైరయ్యాక ఊళ్ళో అందరి ఒంట్లో లెక్కలు సరిచేసే పని పెట్టుకుంది. కంచె మీద మోచేతులు ఆనించి ఆవిడ మందు చెప్పేది, మా ఆయన పొయ్యి వెలిగించేవాడు. ఆవిరి గదిలో నన్ను పడుకోబెట్టి పచ్చి దురదగొండి కట్టతో మోకాళ్ళ మీద బాదమని చెప్పింది ఆవిడే.

"మంటగా ఉందా కాపా?" అని బయటి నుంచి అడిగింది ఆనాడు.

"మీరూ లోపలికి రండి రుఫీనా ప్రొఖొరొవ్నా, చల్లగా హాయిగా ఉంది!" అని అరిచాను.

"మంట పుట్టిందంటే మందు పట్టినట్టే!" అంది ఆవిడ తృప్తిగా. నా ఎత్తిపొడుపులు ఆవిడకు ఏనాడూ తగిలినట్టు కనిపించలేదు. తగలకుండా ఉండడానికి కూడా ఏదో కషాయం తాగుతుందేమో.

ఏళ్ళు గడిచాయి. వేళ్ళు మరింత వాచాయి. బొత్తాలు పెట్టుకోవడం రాక తలమీంచి తొడుక్కునే చొక్కాలు కుట్టించుకున్నాను. ఎప్పుడు నొప్పి పెరిగినా వెన్యా దగ్గర సమాధానం సిద్ధంగా ఉండేది.

"రోగం బయటికి పోతోంది కాపా. పోయేటప్పుడు గొడవ చేసే పోతుంది."

"నాలుగేళ్ళుగా పోతూనే ఉంది. నీ బండ్లు కూడా ఇంత ఆలస్యం కావు" అనేదాన్ని.

ఆ డిసెంబరు ఆఖర్లో మా చెల్లెలు ఫైనా వచ్చింది. కొత్త సంవత్సరం ముందు అందరం బల్ల చుట్టూ కూర్చుని పెల్మెనీలు చేయడం మా ఇంట్లో ఆనవాయితీ. పల్చటి పిండి బిళ్ళలో మాంసం పెట్టి, అంచులు నొక్కి, చెవి ఆకారంలో మడవాలి. మా వైపు ఆడదాని మర్యాదంతా ఆ అంచులోనే ఉంటుంది. ఊడిందా, ఉడుకుతుంటే మాంసం ఒకచోట, పిండి ఒకచోట. ఆ రోజు నేను మడిచినవన్నీ నోళ్ళు తెరుచుకుని పళ్ళెంలో పడి ఉన్నాయి. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకావిడ. ఫైనా నవ్వను కూడా లేదు. ఏవో కబుర్లు చెబుతూనే, నావి ఒక్కొక్కటే తన వైపు లాక్కుని, మళ్ళీ నొక్కి, వరసలో పెట్టింది. నేను పొయ్యి చూసి వస్తానని లేచి వెళ్ళి పొయ్యి ముందు చాలాసేపు నిలబడ్డాను. పొయ్యి బాగానే ఉంది.

మర్నాడు పొద్దున వంటింట్లోకి వచ్చేసరికి వెన్యా బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందు ఫ్లాస్కు నాకు. దాని పక్కన చిన్న ప్లాస్టిక్ పెట్టె ఆయనకు. అందులో గుండెకొకటి, రక్తపోటుకొకటి, అన్నీ మందుల షాపు మాత్రలే. ఇన్నేళ్ళుగా రోజూ చూస్తున్న దృశ్యమే. ఆ పూట ఎందుకో కొత్తగా కనిపించింది.

"వెన్యా, నువ్వెందుకు చాగా తాగవు?" అన్నాను.

"నాకు కీళ్ళు బాగానే ఉన్నాయిగా."

"చాగా గుండెకు కూడా మంచిదని మొన్ననే చదివి వినిపించావు. రక్తపోటుకు మరీ మంచిదట."

మాత్ర నాలుక మీద పెట్టుకుని ఆగిపోయాడు. "కాపా, ఇది గుండె. గుండెతో ఆటలా?"

"ఓహో. నా వేళ్ళతో అయితే ఆడుకోవచ్చన్నమాట."

"అట్లా అన్నానా నేను?"

"అనలేదు. చేశావు. నీ డబ్బాలో కాగితం లేదా? దాన్ని ఎప్పుడైనా వంటింట్లో నిలబడి చదివావా?"

మా ఆయన మాట పడే మనిషి కాదు, ముఖ్యంగా న్యాయమైన మాట. కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత రైలు కదిలించబోయేవాడిలా వెన్ను నిటారు చేశాడు.

"సరే. నా మాత్రలు నేను వేసుకుంటాను, అది వేరే సంగతి. కానీ ఈ రోజు నుంచి నీకిచ్చే ప్రతి మందూ ముందు నేను తాగుతాను. పాతకాలంలో జారు చక్రవర్తులకు ముందు రుచి చూసేవాళ్ళు ఉండేవారు చూడు, అట్లా. అప్పుడు నమ్ముతావా?"

నాకు కావలసింది అది కాదు. బీరువా పైనున్న డబ్బా దించమని అడిగేస్తే అయిపోయేది. కానీ అంత గొప్పగా ప్రాణత్యాగం ప్రకటించిన మనిషిని చూసి నవ్వొచ్చింది. నవ్వితే ఒప్పుకున్నట్టే మా ఇంట్లో.

ఆ చలికాలమంతా నా ముందు ఆయన తాగాడు. టీ పుట్టగొడుగు నీళ్ళకు మొహం వికారంగా పెట్టి, "బ్రహ్మాండం" అనేవాడు. బంగారు మీసం వోడ్కా మాత్రం మొహం వికారం కాకుండానే తాగేవాడు. దాని రుచి ఒకటికి రెండుసార్లు చూడాల్సి వచ్చేది.

ఆగస్టులో తోట ఇంటికి వెళ్ళాం. వానలు పడి అడవి నిండా పుట్టగొడుగులే. రుఫీనా ప్రొఖొరొవ్నా ఒక చిన్న నల్ల సీసా పట్టుకుని కంచె దగ్గరికి వచ్చింది. ఎర్ర టోపీ మీద తెల్ల చుక్కలుండే పుట్టగొడుగు, మేము ఈగల్ని చంపడానికి పాలల్లో నానబెట్టి కిటికీలో పెడతామే, దాన్నే వోడ్కాలో నానబెట్టిందట.

"మోకాళ్ళకు రుద్దుకోవడానికా?" అన్నాను. మా అమ్మమ్మ కాలం నుంచీ దాన్ని పైపూతకే వాడేవాళ్ళు.

"పైపూత పాత పద్ధతి కాపా. ఇప్పుడందరూ లోపలికే పుచ్చుకుంటున్నారు. చుక్కలు. చుక్కలంటే చుక్కలే. మా మేనకోడలు వాళ్ళ ఆఫీసులో చదువుకున్నవాళ్ళు కూడా తాగుతున్నారు."

"ఈగలు కూడా తాగుతాయి రుఫీనా ప్రొఖొరొవ్నా. తర్వాత కాళ్ళు పైకి పెట్టి పడుకుంటాయి."

"ఈగకూ మనిషికీ తేడా లేదటే?"

"మా ఇంట్లో ఆయన్ను అడగండి" అన్నాను. నేను తాగనంటే తాగనని తెగేసి చెప్పి, తోట చివర బెర్రీ పండ్ల పొదల దగ్గరికి వెళ్ళిపోయాను.

నేను తాగకపోతే సరిపోతుందనుకున్నాను. రుచి చూసేవాడి సంగతి మర్చిపోయాను. ఆయన ముందు చుక్కలే వేసుకున్నాడట. కొంతసేపు కూర్చుని చూశాడట, ఏమీ కాలేదట. రైలింజను లాంటి మనిషికి చుక్కలేం సరిపోతాయని ఒక చెంచా వేసుకున్నాడట. తర్వాత నేను తాగనన్న వాటా వృథా పోకూడదని అదీ తాగేశాడు. మా ఆయనకు పొదుపెక్కువ.

నేను బుట్టతో తిరిగొచ్చేసరికి బంగాళాదుంపల మడి మధ్యలో స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఒంటిమీద బనీను, చేతిలో బూరలా పట్టుకున్న నీళ్ళ గరాటు.

"జాగ్రత్త, తలుపులు మూసుకుంటున్నాయి. తర్వాతి స్టేషను ఎర్గాచ్" అన్నాడు గంభీరంగా.

"వెన్యా, ఏమిటా వేషం?"

"పౌరురాలా, బండి కదులుతుంటే ఎక్కకూడదు. మీ టిక్కెట్టేది?"

నేను పగలబడి నవ్వాను. మా ఆయన ఒక్కోసారి ఇలాంటి వేషాలు వేసి నన్ను నవ్విస్తాడు. దగ్గరికి వెళ్ళి చూస్తే కళ్ళు నన్ను చూడడం లేదు. ఒళ్ళంతా చెమట. చొంగ కారుతోంది. స్టూలు కింద ఆ నల్ల సీసా పడి ఉంది. కుంగూర్ స్టేషను వచ్చిందని చెప్పి దిగబోయి, స్టూలు మీంచి దుంపల మొక్కల్లోకి పడ్డాడు. అక్కడే వాంతి చేసుకున్నాడు. పడినవాడు పడినట్టే ఉండి, మెల్లగా మళ్ళీ మొదటి స్టేషను నుంచి పిలవడం మొదలుపెట్టాడు.

అంబులెన్సుకు ఫోను చేశాను. ఒక్కొక్క అంకె పిడికిలి కణుపుతో నొక్కి చేశాను. అంబులెన్సు త్వరగానే వచ్చింది. గేటు లోపల ఇనుప గొళ్ళెం వేసి ఉంది. వెన్యా చేతుల్తో తయారు చేసిన గొళ్ళెం, దొంగలు తీయలేనంత బిగువు. నేనూ తీయలేకపోయాను. వేళ్ళతో పట్టుకుంటే జారిపోతోంది, అరచేత్తో కొడితే కదలడం లేదు. బయట వాళ్ళు బాదుతున్నారు. "అమ్మా, తలుపు తీస్తారా లేదా?" అని అరుస్తున్నారు. లోపల ఆయన గొంతు సన్నబడిపోతోంది. స్టేషన్ల మధ్య దూరం పెరిగిపోతోంది. పళ్ళతో పట్టి లాగాను. రాలేదు. అప్పుడు ఏడ్చాను. నా మీద నాకే అసహ్యం వేసేంతగా ఏడ్చాను.

"రుఫీనా! రుఫీనా!" అని కేకలు పెట్టాను. తండ్రి పేరు కలపడం, మీరు అనడం ఏదీ గుర్తు లేదు.

ఆవిడ కిటికీ తెర వెనకే ఉన్నట్టుంది. కంచె కిందనుంచి దూరి, పొదలు విరుచుకుంటూ వచ్చి, ఒక్క గుంజుతో గొళ్ళెం లాగేసింది. మొహం సున్నం కొట్టినట్టుంది. అంబులెన్సువాళ్ళు లోపలికి పరిగెడుతుంటే నా చెవిలో అంది.

"నా పేరు చెప్పకు కాపా. తల్లీ, నీకు పుణ్యముంటుంది."

"ఈగల మందు తాగాడని చెబుతాను" అన్నాను. ఆ మాటే చెప్పాను. సీసా కూడా ఇచ్చాను. అది ఎవరి సీసా అని వాళ్ళు అడగలేదు కాబట్టి రుఫీనా ప్రొఖొరొవ్నా బతికిపోయింది.

వెన్యా కూడా బతికాడు. ఆసుపత్రిలో రాత్రంతా సెలైను ఎక్కించారు. గుండె కొట్టుకోవడం మరీ నెమ్మదించిందని మంచం పక్కన యంత్రం పెట్టారు. మర్నాడు మధ్యాహ్నానికి మనిషి మామూలైపోయాడు. కాస్త పెరుగు తినిపిద్దామని చెంచా పట్టుకుంటే, నా వేళ్ళు బిగియక అది దుప్పటి మీద ఒలికింది.

"కొలత తప్పింది" అన్నాడు వెన్యా. అదీ ఆయన తెలివొచ్చాక అన్న మొదటి మాట.

"ఏమిటీ?"

"రుఫీనా చుక్కలే అంది. చెంచా వేసుకోవడం నాది పొరపాటు. పుట్టగొడుగు తప్పేమీ లేదు."

"పుట్టగొడుగు తప్పెందుకుంటుంది? దాని మానాన అది అడవిలో ఉంది. అది మనింటికి రాలేదు, నువ్వే దాని ఇంటికి వెళ్ళావు." అంతవరకూ మామూలుగానే అన్నాను. తర్వాత చెంచా కింద పెట్టేశాను. "గొళ్ళెం తీయలేకపోయాను వెన్యా. నువ్వు లోపల స్టేషన్లు పిలుస్తున్నావు. వాళ్ళు బయట తలుపు బాదుతున్నారు. నా మొగుడు చచ్చిపోతున్నా గొళ్ళెం తీయలేని చేతులివి. నీ చాగా వీటికి ఏం చేసిందో చూడు."

దుప్పటి మీద ఒలికిన పెరుగు పక్కనే రెండు చేతులూ పెట్టాను. ఆయన చూశాడు. నాలుగేళ్ళుగా వాటికి మందు పూసినవాడే గానీ, వాటిని చూడడం అదే మొదలనిపించింది నాకు.  పక్కన యంత్రం టిక్కు టిక్కుమంటోంది.

నేను ఆయన కోసం ఆగలేదు. తర్వాతి సోమవారం పెర్మ్ వెళ్ళే లోకల్ ఎక్కాను. ఆయన నడిపిన లైనే. అక్కడి పెద్దాసుపత్రిలో కీళ్ళ డాక్టరు అల్సూ రమీలెవ్నా, చురుకైన తాతారు జాతి మనిషి, ఎక్స్‌రేలు దీపానికి పెట్టి చూసి, నన్ను పూర్తి పేరుతో పిలిచింది.

"కాపిటొలీనా ఇగ్నాత్యెవ్నా, జబ్బు బయటపడి నాలుగేళ్ళయిందంటున్నారు. ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

"అడవిని తాగాను డాక్టరమ్మా."

ఆవిడ నవ్వలేదు, తిట్టనూ లేదు. అలాంటివాళ్ళు రోజూ ఎంతమంది వస్తారో. కుడిచేతిలో రెండు వేళ్ళ కీళ్ళు జబ్బు తినేసిందని, అవి ఇక సాగవని చెప్పింది. మిగతా ఎనిమిదింటికి ఇంకా ఆశ ఉందట. రాసింది అదే మాత్ర, బీరువా పైన పడుకున్నదే. దాని కాగితంలో రాసినవన్నీ నిజమేనని, అందుకే నెలనెలా రక్తపరీక్ష చేస్తారని కూడా చెప్పింది. ఆ ముక్క మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. చెప్పారేమో, గట్టిగా చదివే గొంతులో నాకు వినపడలేదేమో.

ఇంటికొచ్చి వెన్యాకు చెప్పాను.

"ఆ రెండూ?" అన్నాడు.

"రావు."

బాల్కనీలోకి పోయి తలుపు వేసుకున్నాడు. అక్కడ కుండీల మధ్య నిలబడడానికి చోటు లేదు, అయినా నిలబడ్డాడు.

మాత్ర వేసుకున్న మర్నాడల్లా కడుపులో తిప్పేది. వెన్యా బకెట్టు తెచ్చి పక్కన పెట్టి, తానూ నేల మీద కూర్చునేవాడు. కాగితంలోని మాటలు ఒక్కటి కూడా ఎత్తలేదు. అలా నోరు అదుపులో పెట్టుకోవడం ఆయనకు నా వాంతులకన్నా కష్టం. శీతాకాలం సగమయ్యేసరికి పొద్దుటి బిగుతు తగ్గింది. వసంతానికి బొత్తాల చొక్కా తీసి వేసుకున్నాను. కంచె అవతలనుంచి రుఫీనా ప్రొఖొరొవ్నా నా చేతులు చూసి మురిసిపోయింది.

"చూశావా! చాగా అంతే. ఆలస్యంగా పట్టుకుంటుంది గానీ పట్టుకుంటే వదలదు."

"జలగలా" అన్నాను. గొళ్ళెం లాగిన చెయ్యి కదా అని అంతటితో వదిలేశాను.

మొన్న జూన్లో పరీక్షకు పెర్మ్ వెళ్ళినప్పుడు వెన్యా కూడా వచ్చాడు. వరండాలో బెంచీ మీద మా పక్కన ఒక నడివయసు మనిషి కూర్చుని ఉంది. చేతులు నా పాత చేతుల్లాగే ఉన్నాయి. సంచీలోంచి ఫ్లాస్కు తీసి మూతలో ఏదో గోధుమరంగుది పోసుకుంది. ఆ వాసన నేను చచ్చినా మర్చిపోను.

"చాగానా?" అని అడిగాడు వెన్యా. ఆయన కళ్ళు మెరిశాయి. ఇక మొదలు, ఏ చెట్టుది, ఏ నెలలో కొట్టింది అని.

"అవునండీ. మా అక్క పంపింది. డాక్టరు మాత్రలు రాశారు గానీ, వాటి కాగితం చదివితే భయమేసింది. ముందు ఇది వాడి చూద్దామని. మీకు దీని సంగతి తెలుసా?"

"నాకు తెలిసినంత ఇక్కడెవరికీ తెలీదు" అన్నాడు. తర్వాత నా కుడిచెయ్యి ఎత్తి, ఆవిడ ముందు పెట్టాడు, సంతలో సరుకు చూపించినట్టు. "మా ఆవిడ చెయ్యి. ఇదిగో, ఇవి ఆడిస్తుంది, చూడండి. ఇవి డాక్టరమ్మవి. ఈ వంకరగా ఉన్నాయే, ఈ రెండూ నావి."

ఆవిడ మూత పెదవుల దాకా తెచ్చి, తాగకుండా బెంచీ మీద పెట్టేసింది. నాకు ఏదైనా ఎత్తిపొడుపు తడుతుందేమోనని వెతుక్కున్నాను. తట్టలేదు.

"అయితే మీరు వాడే మాత్ర పేరేమిటండీ?" అంది ఆవిడ.

అంతే, మా ఆయన కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. వెన్ను నిటారైంది. వారంలో ఏ రోజు వేసుకోవాలి, ఏ పూట వేసుకోవాలి, దానితోపాటు ఇంకేం వేసుకోవాలి, గొంతు పెంచుకుంటూ పోయాడు. అవతలి బెంచీవాళ్ళు కూడా జరిగి దగ్గరికి వచ్చారు. ఎవరో తమ మోకాలికి కూడా అది పనిచేస్తుందా అని అడిగారు. ఆయన మోకాలు చూపించమంటున్నాడు.

లోపలినుంచి నా పేరు పిలిచారు. ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని లేవదీసి, గదిలోకి లాక్కుపోయాను.